విజయవాడలో నడక, సైకిలు, ప్రజారోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

షుగరు ఉందని తేలిన రోజున డాక్టరు గారు మందుల చీటీ రాస్తూ తప్పకుండా చెప్పే మాట "రోజూ ఓ అరగంట నడవండి" అని. ఎక్కడ నడవాలో ఆ చీటీలో ఉండదు, ఉండే వీలు కూడా లేదు, ఎందుకంటే ఆ సంగతి వీధులు వేసేవారి చేతుల్లో, సైడు కాలువలు కట్టేవారి చేతుల్లో, లేఅవుట్లకు అనుమతి ఇచ్చేవారి చేతుల్లో ఉంది. కాలనీ సమావేశాలలోనూ, ఉదయం స్టేడియం దగ్గర కలిసే నడక మిత్రుల మధ్యా పదే పదే వినిపించే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి, మన ఊరి ఉదాహరణలతో జవాబులు రాస్తున్నాను.

నడవడమూ మానడమూ మనిషి ఓపికను బట్టి ఉంటాయి కదా, వీధులతో దానికేమి సంబంధం?

మా అమ్మగారికి డెబ్బై రెండేళ్లు. ఇంటి నుంచి గుడికి ఆరు వందల మీటర్ల దూరం ఉంటుంది, చాలా ఏళ్ల పాటు ఆవిడ రోజూ సాయంత్రం నడిచే వెళ్లేవారు. రెండేళ్ల క్రితం సైడు కాలువ మీద కదిలిపోయిన పలక మీద కాలు వేసి పడ్డారు, మణికట్టు విరిగింది. కట్టు విప్పిన తరువాత కూడా ఆ దారిన ఒంటరిగా వెళ్లే ధైర్యం ఆవిడకు రాలేదు. ఇప్పుడు మా డాబా మీద, నీళ్ల ట్యాంకుకూ పిట్టగోడకూ మధ్య, నలభై చుట్లు లెక్కపెట్టుకుంటూ తిరుగుతారు. ఆవిడకు ఓపిక లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఓపిక ఉన్న మనిషికి దారి లేకపోయింది.

ఇటువంటి ఇళ్లు ఎన్నో ఉండబట్టే ఇది ప్రజారోగ్య సమస్య అయింది. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన అధ్యయనం 2023లో వెలువడినప్పుడు దేశంలో పది కోట్ల మందికి పైగా, అంటే పెద్దవారిలో 11.4 శాతం మంది మధుమేహంతో ఉన్నారని తేలింది. 2022 నాటికి మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదనీ, ఆడవారిలో ఈ లోటు 57 శాతమనీ, మగవారిలో 42 శాతమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆడవారికీ మగవారికీ మధ్య ఉన్న ఆ తేడాను బద్ధకంతో వివరించలేము. చీకటి పడిన తరువాత దీపం లేని సందు, నిలబడే చోటు లేని బస్టాపు, చంటిబిడ్డను ఎత్తుకుని దిగవలసిన ఎత్తైన గట్టు, ఇవన్నీ ఆ అంకెలో కలిసి ఉన్నాయి.

వ్యాయామం కోసం విడిగా గంట తీయగలిగిన వారు కొద్దిమందే ఉంటారు. కూరగాయలకూ, బడికీ, గుడికీ, బస్సుకీ వెళ్లే పనిలోనే నడక కలిసిపోతే అది ఎవరూ గుర్తు చేయకుండానే ఏళ్ల తరబడి సాగుతుంది. ఊరి నిర్మాణం చేయగలిగిన మేలు ఇదే.

రోజుకు ఎంత నడిస్తే సరిపోతుంది?

పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. ఒక్కసారి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్కలోకి వస్తుందన్న పాత నియమాన్ని ఆ సూచనలలో తీసివేశారు, కాబట్టి పాలప్యాకెట్టు కోసం వెళ్లి వచ్చిన ఆరు నిమిషాలు కూడా లెక్కే. గుండె జబ్బు, మోకాళ్ల అరుగుదల వంటివి ఉన్నవారు తమ డాక్టరును అడిగి మొదలుపెట్టడం మంచిది.

మాకు బజారు కిలోమీటరు దూరమే, అయినా బండి తీస్తాము. ఈ అలవాటు ఎందుకు పడింది?

విజయవాడ నగరపాలక సంస్థ పరిధి దాదాపు 62 చదరపు కిలోమీటర్లు, 2011 జనగణన నాటికే జనాభా పది లక్షలు దాటింది. ఇంత తక్కువ చోటులో ఇంతమంది ఉన్నారంటే బడి, ఆసుపత్రి, రైతు బజారు, సినిమాహాలు అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయని అర్థం. మామూలు నడకతో పది నిమిషాల్లో ఎనిమిది వందల మీటర్లు, తీరికగా తొక్కే సైకిలుతో రెండున్నర కిలోమీటర్లు వెళ్లవచ్చు. పటమట నుంచి బెంజి సర్కిలుకు, గవర్నరుపేట నుంచి బీసెంటు రోడ్డుకు, మొగల్రాజపురం నుంచి మాచవరానికి వెళ్లడానికి ఇంజను అవసరం లేని ఊరు మనది.

అయినా బండి తీస్తున్నామంటే, దూరాన్ని కాక ఆ దారిలో పడే అవస్థను చూసి తీస్తున్నాము. నడిచి వెళ్లేవారు ఆటోలకూ, ఆపి ఉంచిన కార్లకూ మధ్య ఒదిగి నడవాలి, మలుపు దగ్గర వెనక్కి చూసుకుంటూ అడుగు వేయాలి. బండి మీద వెళ్లేవారికి దుకాణం మెట్టు దాకా దారీ, ఆపడానికి ఉచితంగా చోటూ దొరుకుతున్నాయి. ఈ పరిస్థితిలో బండి తీసినవారిని తప్పు పట్టి ప్రయోజనం లేదు.

మంచి ఫుట్‌పాత్ అంటే ఎలా ఉండాలి?

దీనికి ప్రమాణాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. పాదచారుల సౌకర్యాల కోసం, దేశంలో రోడ్లకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే ఇంజనీర్ల సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇళ్లు ఉన్న వీధులలో నడవడానికి ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, దుకాణాల వీధులలో 2.5 మీటర్లు ఉండాలి, రోడ్డు మీద నుంచి ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. చక్రాల కుర్చీ ఎక్కే చోట వాలు పన్నెండుకు ఒకటి, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు ఉండాలి. ఇద్దరు ఎదురెదురుగా వచ్చినా, ఒకరు చక్రాల కుర్చీలో ఉన్నా, ఎవరూ రోడ్డు మీదికి దిగనవసరం లేకుండా పోయే కొలత 1.8 మీటర్లు.

ఒక ఆదివారం ఉదయం నేనూ మా పక్కింటి బాబాయి గారూ టేపు పట్టుకుని మా వీధి చివరి పెద్దరోడ్డు ఫుట్‌పాత్‌ను కొలిచాము. గోడ నుంచి అంచు దాకా వెడల్పు రెండు మీటర్లకు పైనే వచ్చింది. నాలుగు అడుగులు వేయగానే ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె అడ్డం వచ్చింది, దాని పక్కన మిగిలిన సందు 45 సెంటీమీటర్లు, అంటే మనిషి పక్కకు తిరిగి దూరవలసిందే. ఆ తరువాత ఒక ఇంటి గేటు ర్యాంపు ఫుట్‌పాత్‌ను కోసేసింది. దాని అవతల అంచు ఎత్తు 28 సెంటీమీటర్లు, ఇంట్లో మెట్టు కంటే ఎత్తు. కాలువ మీద వేసిన పలకలకు, పైకి లేపడానికి వీలుగా ఉంచిన ఇనుప చువ్వల కొక్కేలు పైకి పొడుచుకు వచ్చి ఉన్నాయి, వాటిలో ఒకదానికి ఎవరిదో తెగిన చెప్పు పట్టీ ఇంకా వేలాడుతూ ఉంది. వంద మీటర్లలో ఆరుసార్లు దిగి ఎక్కాము. కాగితం మీద మాత్రం అక్కడ వంద మీటర్ల ఫుట్‌పాత్ ఉన్నట్లే లెక్క.

కాబట్టి వెడల్పు కంటే ముందు చూడవలసింది తెగకుండా సాగడం. స్తంభాలు, చెట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, చెత్తబుట్టలు, తోపుడు బండ్లు అన్నీ రోడ్డు అంచు వైపు ఒక వరుసలో ఉండాలి, నడిచే పట్టీ లోపలి వైపు ఖాళీగా సాగాలి. గేటు దగ్గర వాలు ఆ బయటి వరుసలోనే ముగిసిపోవాలి, అప్పుడు నడిచేవారి పట్టీ సమతలంగా ఉంటుంది, కారే నెమ్మదిగా ఎక్కి దిగుతుంది. ఈ ఒక్క మార్పుకు కొత్త స్థలం అక్కరలేదు, ఉన్న సిమెంటును సరైన క్రమంలో పోస్తే చాలు.

తోపుడు బండ్లను, చిరువ్యాపారులను తీసేస్తే ఫుట్‌పాత్ ఖాళీ అవుతుంది కదా?

ఖాళీ అవుతుంది, కానీ కొద్ది రోజుల్లోనే ఆ చోటులో మోటారు సైకిళ్లు బారులు తీరడం మనం చాలాసార్లు చూశాము. పునుగుల బండీ, జామకాయల బుట్టా, పూల గంపా ఉన్న వీధిలో రాత్రి తొమ్మిది దాటినా దీపం ఉంటుంది, మనుషులు ఉంటారు, ట్యూషను నుంచి వచ్చే ఆడపిల్ల భయం లేకుండా నడుస్తుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారికి జీవనోపాధి హక్కును గుర్తించింది. ఊరూరా కమిటీ ఉండాలనీ, అందులో వ్యాపారుల ప్రతినిధులు కూడా ఉండాలనీ, సర్వే చేసి స్థలాలు కేటాయించాలనీ ఆ చట్టం చెబుతోంది. పైన చెప్పిన బయటి వరుసలో గీతలు గీసి వారికి చోటు ఇస్తే నడిచే పట్టీ నిలుస్తుంది, వారి బతుకూ నిలుస్తుంది. పండుగ ముందు బీసెంటు రోడ్డులో నడిచినవారికి, జనం ఎక్కడికి ఇష్టపడి నడిచి వస్తారో నేను వేరే చెప్పనక్కరలేదు.

పెద్దరోడ్డు దాటడమే గండంగా ఉంది. ఏమి చేయవచ్చు?

2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు, వారిలో 32,825 మంది నడిచి వెళుతున్నవారు. అందుకే ఈ ప్రశ్నకు పొడుగ్గా జవాబు చెప్పవలసి ఉంది.

మొదటిది వేగం. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాలు దాదాపు నాలుగు శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే వీధులలో గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020లో రోడ్డు భద్రత మీద జరిగిన అంతర్జాతీయ సమావేశం చేసిన స్టాక్‌హోం ప్రకటన కోరింది. బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదు. రోడ్డు ఎంత వెడల్పుగా, ఎంత సూటిగా కనిపిస్తే కాలు యాక్సిలరేటరు మీద అంత బలంగా పడుతుంది. వాహనాల వరుసలను కొంచెం ఇరుకు చేయడం, మలుపుల గుండ్రాన్ని తగ్గించడం, దాటే చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపడం వంటి పనులతో డ్రైవరు తనకు తెలియకుండానే నెమ్మదిస్తాడు. లేపిన దారి ఉన్న చోట నడిచేవారు దిగనక్కరలేదు, బండి ఎక్కి దిగాలి, మర్యాద ఎవరికి దక్కుతుందో చూసిన వెంటనే అర్థమవుతుంది.

రెండవది సమయం. ఎనభై అడుగుల రోడ్డు అంటే సుమారు 24 మీటర్లు. ఆరోగ్యంగా ఉన్నవారు సెకనుకు 1.2 మీటర్ల చొప్పున 20 సెకన్లలో దాటుతారు, మా అమ్మగారి వంటివారు 0.8 మీటర్ల చొప్పున 30 సెకన్లు తీసుకుంటారు. ఆకుపచ్చ బొమ్మ 15 సెకన్లు వెలిగి ఆరిపోతే వృద్ధులు డివైడరు దాకా కూడా చేరీ చేరకుండా ఉంటారు. అందుకే మధ్యలో నిలబడడానికి కనీసం ఒకటిన్నర మీటర్ల వెడల్పున ఒక తిన్నె ఉండాలి. అప్పుడు ఒక్కసారికి ఒక్క వైపు వాహనాలను చూసుకుంటే సరిపోతుంది.

ఫుట్ ఓవర్ బ్రిడ్జీలు కడితే సమస్య తీరదా?

జాతీయ రహదారి వంటి చోట్ల, లిఫ్టుతో, తప్పనిసరి అవసరం కావచ్చు. ఊరి నడిబొడ్డున మాత్రం అది నడిచేవారి మీద వేసిన పన్ను వంటిది. ఆరు మీటర్ల ఎత్తు ఎక్కాలంటే నలభై మెట్లు, దిగాలంటే మళ్లీ నలభై. కూరగాయల సంచితో, మోకాళ్ల నొప్పితో ఎక్కలేనివారు కిందనే దాటుతారు, వారిని క్రమశిక్షణ లేనివారు అనడం న్యాయం కాదు.

మన ఎండలకు ఎవరు నడుస్తారు?

మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం నడవమని ఎవరూ అడగకూడదు. అయితే ఏడాదిలో చాలా నెలల పాటు ఉదయం తొమ్మిదిలోపూ, సాయంత్రం అయిదు తరువాతా నడవగలిగిన ఊరే ఇది. ఎండకాలంలోనూ తప్పనిసరిగా నడిచేవారు ఉన్నారు, వారు పాచిపనులకు వెళ్లేవారు, కూలీలు, బస్సు దిగిన విద్యార్థులు. నీడ ఎవరి కోసమని అడిగితే మొదట వారి కోసమే.

వేప, కానుగ, రావి, నిద్రగన్నేరు వంటి చెట్లు మన నేలకు అలవాటైనవి, నీడ బాగా ఇస్తాయి. మొక్క నాటిన రోజున ఫొటోలు తీయడం సులభం. మొదటి మూడు వేసవులు నీరు పోయడం, మొదలు చుట్టూ ఒక మీటరు మట్టి వదిలిపెట్టడం, కరెంటు తీగల కింద పెద్ద చెట్టు నాటకుండా ఉండడం కష్టమైన పనులు. మొదలు దాకా సిమెంటు పోసి బిగించేసిన వేపచెట్లు ఏ వీధిలో చూసినా కనిపిస్తాయి, నీరు దిగక అవి ఎండిపోతాయి లేదా గాలివానకు పడిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన ఊరికి, నీరు ఇంకే మట్టి ఎంత అవసరమో గుర్తు చేయనవసరం లేదు. వీధి పక్క మట్టి పట్టీ వరదను ఆపలేకపోయినా, మామూలు వానలకు మోకాలి లోతు నీరు నిలిచే చోట్ల కొంత మేలు చేస్తుంది.

సైకిలు ఇప్పుడు ఎవరు తొక్కుతున్నారు? ప్రత్యేక ట్రాకు అవసరమా?

తెల్లవారుజామున పేపరు వేసే కుర్రవాడు, పాలు పోసే పెద్దాయన, ఆటోనగరులో పనికి వెళ్లే మెకానిక్కు, అపార్టుమెంటు వాచ్‌మన్, రంగులు వేసే మేస్త్రి. వీరెవరూ హెల్మెటు, రంగుల చొక్కా వేసుకుని రారు, అందుకే సైకిలు గురించి జరిగే సభలలో వీరి మాట వినబడదు. 2011 జనగణనలో, వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో దేశం మొత్తం మీద సుమారు 13 శాతం మంది సైకిలు మీద, దాదాపు 23 శాతం మంది కాలినడకన వెళుతున్నట్లు నమోదయింది. ట్రాకు ఎక్కడ వేయాలని ఆలోచించేటప్పుడు మొదట వీరు రోజూ తిరిగే దారులు చూడాలి.

ఇరవై అడుగుల సందులలో విడిగా ట్రాకు అక్కరలేదు, వేగం తగ్గిస్తే చాలు. ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు వంటి చోట్ల మాత్రం వాహనాలకూ సైకిలుకూ మధ్య గట్టు ఉండాలి, ఒక్కో దిశకు రెండు మీటర్ల వెడల్పు ఉండాలి. రంగు గీత గీసి వదిలేస్తే అది వారం తిరగకుండానే పార్కింగు అవుతుంది. హైదరాబాదులో బాహ్య వలయ రహదారి పక్కన 2023లో సౌర పలకల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాకు వచ్చింది. వ్యాయామానికి అది మంచి చోటు, కానీ ఉల్లిపాయలు తేవడానికీ, బడికి వెళ్లడానికీ పనికివచ్చే దారులు ఊరి మధ్యలోనే వేయాలి.

నెదర్లాండ్స్ ఎప్పుడూ సైకిళ్ల దేశమేనని చాలామంది అనుకుంటారు. అక్కడ కూడా 1950, 60 దశకాలలో కార్లు పెరిగి సైకిళ్లు తగ్గిపోయాయి. 1971 ఒక్క ఏడాదిలోనే రోడ్ల మీద నాలుగు వందల మందికి పైగా పిల్లలు చనిపోవడంతో తల్లిదండ్రులు వీధులకెక్కి ఉద్యమించారు, ఆ తరువాత చమురు సంక్షోభం కూడా తోడై వీధులు మారడం మొదలయింది. సంకల్పంతో ఏళ్ల తరబడి కట్టుకున్నారు, వారికి అది ఊరికే దక్కలేదు.

కొండల మీద ఉండేవారి సంగతేమిటి?

గుణదల, మొగల్రాజపురం, వన్‌టౌన్ కొండల మీద ఉండేవారు నగరంలో అందరికంటే ఎక్కువ నడుస్తారు, అందరికంటే తక్కువ సౌకర్యంతో నడుస్తారు. సమానమైన మెట్లు, రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీ, ఇరవై ముప్పై మెట్లకు ఒకసారి కూర్చునే అరుగు, ప్రతి మలుపులో దీపం, వాన నీరు మెట్ల మీదుగా పారకుండా పక్క కాలువ, ఇవి వారికి కావలసినవి. గర్భిణిని కిందికి తీసుకురావలసిన రాత్రి ఆ కమ్మీ విలువ తెలుస్తుంది.

కాలువ గట్లను నడకకు వాడుకోవచ్చా?

నా దృష్టిలో విజయవాడకు ఉన్న పెద్ద ఆస్తి ఇదే. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమ నుంచే పోతాయి. 1850లలో కృష్ణ మీద ఆనకట్ట కట్టి కాలువలు తవ్విన తరువాత అవి పొలాలకు నీరు ఇవ్వడంతో పాటు సరుకుల రవాణాకు కూడా ఉపయోగపడ్డాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలు లాగేవారు. అంటే మన కాలువ గట్లు మొదటి నుంచీ నడిచే దారులే.

గట్టుకు ఉన్న సుగుణం ఏమిటంటే దాని పొడవునా అడ్డరోడ్లు తక్కువ, ఎత్తుపల్లాలు లేవు, ఒక వైపు నీరు ఉండడం వలన గాలి కాస్త చల్లగా తగులుతుంది, ఒక పేటను మరొక పేటతో కలుపుతుంది. అక్కడక్కడ పార్కులు, కంచెలు వేశారు. అయితే పార్కుకు గేటు ఉంటుంది, తాళం ఉంటుంది, వేళలు ఉంటాయి. కావలసింది వంతెన దగ్గర తెగిపోకుండా, కింద నుంచో, పక్కన లేపిన దారి మీదుగానో అవతలికి సాగిపోయే బాట.

రెండు చిక్కులు చెప్పాలి. కాలువలో మురుగు కలుస్తూ ఉంటే, ఎండకాలంలో నీరు ఆపేసినప్పుడు గట్టు మీద ముక్కు మూసుకోకుండా నడవలేము, కాబట్టి మురుగును మళ్లించడం బాటలో భాగమే. రెండవది, గట్ల మీద దశాబ్దాలుగా పేద కుటుంబాలు బతుకుతున్నాయి. మన ఉదయపు నడక కోసం వారిని ఊరి చివరకు తోసేస్తే, నిన్నటిదాకా పనికి నడిచి వెళ్లినవారు రేపటి నుంచి బస్సు కోసం గంట నిలబడాలి, ఆరోగ్యం పేరుతో వారి ఆరోగ్యం తీసినట్లవుతుంది. వారిని కూర్చోబెట్టుకుని, వారి ఇళ్ల ముందు నుంచే సాగే బాటను ఆలోచించడం సాధ్యమే.

పొగలో నడిస్తే మేలు కంటే కీడు ఎక్కువ కాదా?

విజయవాడ, గుంటూరు రెండూ గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేని నగరాలుగా జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఉన్నాయి, కాబట్టి ఈ భయం అర్థవంతమైనదే. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు వేసిన లెక్కలో, సన్నని ధూళి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు ఉన్న చోట కూడా సైకిలు రోజుకు గంటన్నర దాటిన తరువాతే కీడు పైచేయి అవుతుందని తేలింది, నడకకైతే ఆ హద్దు పది గంటల పైమాటే. ఉబ్బసం ఉన్నవారు మాత్రం రద్దీ వేళలు, పెద్దరోడ్లు తప్పించుకుని లోపలి వీధుల గుండా వెళ్లడం మంచిది.

దుకాణం ముందు పార్కింగు తీసేస్తే మా వ్యాపారం ఏమవుతుంది?

ఒక కారు ఆగడానికి కావలసిన 12, 13 చదరపు మీటర్లలో ఎనిమిది పది సైకిళ్లు పడతాయి. తరచుగా ఆ కారు దుకాణదారుదో, అందులో పనిచేసేవారిదో అయి ఉదయం నుంచి సాయంత్రం దాకా కదలదు. చెన్నైలో పాండీ బజారును 2019లో వెడల్పైన ఫుట్‌పాత్‌లతో తీర్చిదిద్దారు, ఈనాటికీ అది రద్దీగా ఉండే బజారే. అయినా దుకాణదారుల భయాన్ని కొట్టిపారేయకూడదు. సరుకు దింపుకునే వేళలు నిర్ణయించి, దగ్గరలో పార్కింగు చూపించి, వారంలో ఒక రోజు ప్రయోగంగా మొదలుపెడితే వారే తమ గల్లాపెట్టె చూసి చెబుతారు. దసరా రోజులలో ఇంద్రకీలాద్రి చుట్టూ వాహనాలను మళ్లించి లక్షల మందిని నడిపించగలిగిన పోలీసులకూ, అధికారులకూ ఆ అనుభవం కొత్తది కాదు.

ఉచిత బస్సు వచ్చింది కదా, ఇక నడకతో పనేముంది?

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో ఆడవారికి ఆర్టీసీ ప్రయాణం అందుబాటులోకి వచ్చింది, ఇది నడకకు చాలా మంచి వార్త. ప్రతి బస్సు ప్రయాణానికీ రెండు చివరలా నడక ఉంటుంది. స్టాపు నుంచి ఇంటికి అయిదు వందల మీటర్లు అనుకుంటే, రానూపోనూ రోజుకు దాదాపు పావుగంట నడక దానంతట అదే కలుస్తుంది. కాబట్టి ప్రతి స్టాపు చుట్టూ ఉన్న అర కిలోమీటరు వీధులకు దీపం, ఫుట్‌పాత్, దాటే దారి ముందుగా వేయాలి.

కొత్తగా వేసే లేఅవుట్లలో ఏమి చూసుకోవాలి?

గుంటూరు వెళ్లి బ్రాడీపేట, అరండల్‌పేట చూడండి. లైన్లు ఒక దిక్కుగా, అడ్డరోడ్లు మరో దిక్కుగా, ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అంటే కొత్తవారు కూడా వెతుక్కోగలరు. ఎక్కడికి వెళ్లాలన్నా నాలుగైదు దారులు ఉంటాయి, ఏదీ పెద్ద చుట్టు కాదు. దీనికి భిన్నంగా, ఊరి అంచున వస్తున్న గేటెడ్ కాలనీలలో చుట్టూ గోడ, ఒకే గేటు. గోడ అవతలే ఉన్న బడికి పిల్లవాడు ఒకటిన్నర కిలోమీటర్లు చుట్టి వెళ్లవలసి వస్తుంది, అంటే కారులోనే వెళ్తాడు. ఇల్లు కొనేవారు ఈత కొలను ఉందా అని అడిగినట్లే, వెనక గోడలో మనుషులు నడిచే చిన్న గేటు ఉందా అని కూడా అడగాలి. లోపల నడక ట్రాకు వేసినంత మాత్రాన ఆ లోటు తీరదు, గుండ్రంగా తిరగడం వేరు, పని మీద ఒకచోటికి నడిచి చేరడం వేరు.

మా వీధి బాగుపడాలంటే ఎవరిని అడగాలి?

ఫుట్‌పాత్ నగరపాలక సంస్థది, ట్రాన్స్‌ఫార్మరు విద్యుత్ పంపిణీ సంస్థది, కాలువ గట్టు జలవనరుల శాఖది, జాతీయ రహదారి కేంద్ర సంస్థది, సిగ్నలు ట్రాఫిక్ పోలీసులది. ఒకే చోట ఇన్ని చేతులు ఉండడం వలన అర్జీ ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరుగుతుంది. అందుకే "ఫుట్‌పాత్ బాగాలేదు" అని రాయకుండా, ఏ ఇంటి నంబరు ముందు, ఎన్ని సెంటీమీటర్ల సందు మిగిలింది, ఏ పలక విరిగింది, అది ఎవరి ఆస్తి అన్నది కొలతలతో, ఫొటోలతో రాయండి. వార్డు సచివాలయంలో ఇంజనీరింగు పనులు చూసే కార్యదర్శికీ, ప్రణాళికా విభాగం కార్యదర్శికీ విడివిడిగా ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ నంబరుతోనే మళ్లీ ఇవ్వండి. ఫుట్‌పాత్‌ను వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందకు వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, అర్జీలో ఆ మాట కూడా ఒక వాక్యంగా చేర్చండి.

అడిగేటప్పుడు వీధిలోని వృద్ధులనూ, బడి పిల్లలనూ వెంట తీసుకువెళ్లడం మంచిది. మేము మా పలక గురించి రెండవసారి వెళ్లినప్పుడు అమ్మగారు కూడా వచ్చారు. అక్కడి అమ్మాయి ఆవిడ చేయి పట్టుకుని వచ్చి, ఆ చోటు స్వయంగా చూసి, పక్కనున్న మరో రెండు పలకలను కూడా జాబితాలో రాసుకుంది.